పది కిలోల మిర్చి ధరకే తలకు కాపుదల

మిర్చి కోతలు మొదలైతే చాలు, దర్శి చుట్టుపక్కల ఊళ్లలో తెల్లవారుజాము నుంచే రోడ్ల మీద బండ్ల రొద. ఎక్సెల్ బండి మీద కాళ్ల దగ్గర యూరియా బస్తా, హ్యాండిల్‌కు పురుగుమందు సంచి, వెనక ఇంటావిడ, ఆమె ఒడిలో సద్ది క్యారేజీ. కురిచేడు రోడ్డులో గానీ పొదిలి రోడ్డులో గానీ ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. బస్తాకు తాడు కట్టి ఉంటుంది. మందు డబ్బాకు మూత బిగించి ఉంటుంది. క్యారేజీకి గుడ్డ చుట్టి ఉంటుంది. బండి నడిపే మనిషి తలకు మాత్రం తువ్వాలు తప్ప ఏమీ ఉండదు. ఒకవేళ హెల్మెట్ ఉన్నా అది అద్దానికి వేలాడుతూ ఉంటుంది. ఎదురుగా పోలీసులు కనపడితే తల మీదికెక్కుతుంది, వాళ్లను దాటగానే మళ్లీ దిగుతుంది.

ఇది చూసి రైతుకు బుద్ధి లేదనడం తేలిక. నేను ఆ మాట అనను. రైతుకు జరిమానా ఎంతో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఏది కొనాలి, ఎంతలో కొనాలి, చేతిలో ఉన్న డబ్బుకు ముందు ఏది, తర్వాత ఏది అని కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. విత్తనం గురించి చెబుతారు, మందు గురించి చెబుతారు. ఆ విత్తనం తెచ్చే మనిషి నెత్తి గురించి ఈ పేజీలో కూడా రాసుకున్నది తక్కువే.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం హెల్మెట్ లేకుండా పట్టుబడితే వెయ్యి రూపాయలు జరిమానా, ఆపైన మూడు నెలలు లైసెన్సు మీద వేటు. దాదాపు అదే వెయ్యి రూపాయలకు ఐ.ఎస్.ఐ. గుర్తున్న నికరమైన హెల్మెట్ వస్తుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి మనమంతా గగ్గోలు పెడితే కేంద్రం క్వింటాలుకు రూ.11,781 చొప్పున లెక్కగట్టింది. ఆ పడిపోయిన ధర లెక్కన చూసినా పది కిలోల మిర్చి అమ్మితే హెల్మెట్ వచ్చేస్తుంది. పత్తి రైతయితే 2025-26 పొడవు పింజ మద్దతు ధర రూ.8,110 లెక్కన పదమూడు కిలోల పత్తి చాలు. ఎకరాకు లక్షల్లో పెట్టుబడి పెట్టే పంటలో ఇదేమంత లెక్క? ఒక్క తడవ మందు కొట్టే ఖర్చు కూడా కాదు.

మా ఊళ్లో ఒక కౌలు రైతు సంగతి చెబుతాను. పేరు అక్కర్లేదు. మూడెకరాల మిర్చి వేశాడు. ఒక డిసెంబరు సాయంత్రం నీళ్ల వంతు చూసుకొద్దామని కాలువ మీదికి బయలుదేరాడు. ఇంటికీ చేనుకూ రెండు కి.మీ. దూరం కూడా లేదు. హెల్మెట్ వసారాలో మేకుకు వేలాడుతూ ఉంది. "ఏమయా, అది పెట్టుకుపో" అని ఇంటావిడ అంటే "యాడికి, ఇక్కడిదాకే గదా, ఇప్పుడే వస్తా" అన్నాడు. మలుపులో రోడ్డు పక్కన ట్రాక్టరు ట్రక్కు ఆపి ఉంది. దానికి వెనక లైటు లేదు, రేడియం బిళ్ల కూడా లేదు. వేగంగా ఏమీ పోవడం లేదు పాపం, అయినా ట్రక్కు మూల తలకు తగిలింది.

మనిషి బతికాడు. 108 వచ్చింది, పెద్దాసుపత్రికి చేర్చారు. వైద్యసేవ కార్డు ఆపరేషన్‌కు అక్కరకొచ్చింది. కానీ కోత కూలీలకు ఏ కార్డు అక్కరకొస్తుంది? కౌలుకు, వడ్డీకి ఏ కార్డు ఉంది? మొదటి కోతకు వచ్చిన కాయ చెట్టు మీదే తాలు అయింది. ఆసుపత్రిలో భర్త దగ్గర ఉండాలా, చేలో కూలీల దగ్గర ఉండాలా తేల్చుకోలేక ఆవిడ చివరకు నిలబడ్డ పంటను వచ్చినకాడికి ఇచ్చేసింది. ఆయన కుడి చెయ్యి ఇప్పటికీ సరిగా లేవదు. మందు ట్యాంకు వీపున వేసుకోలేడు. తలకు తగిలిన దెబ్బ చేతిని ఎట్టా పడగొడుతుందో ఆ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా ఇప్పుడు తెలుసు.

తర్వాత ఒకరోజు ఆ వసారాలో మేకుకున్న హెల్మెట్‌ను నేను దింపి చూశాను. అప్పుడు నాకు ఇంకో సంగతి అర్థమైంది. వెనక ఐ.ఎస్.ఐ. అని ఒక స్టిక్కరు ఉంది గాని దాని మీద నంబరు ఏదీ లేదు. లోపల గుడ్డ పైకి తీస్తే వేలెడు మందాన పల్చటి స్పాంజి, దాని వెనక నేరుగా ప్లాస్టిక్ పెంకు. రోడ్డు పక్కన గుడ్డ పరిచి అమ్మేవాళ్ల దగ్గర రూ.250కి కొన్నాడట. అది తలకు పెట్టుకున్నా ఏ మాత్రం కాపాడేదో నాకు నమ్మకం లేదు. పోలీసు కోసం కొన్న హెల్మెట్ పోలీసు నుంచే కాపాడుతుంది.

అసలు హెల్మెట్ పని చేసేది ఎలాగో తెలిస్తే ఈ మోసం మనకు తేలిగ్గా పట్టుబడుతుంది. చాలామంది పైన పెంకు గట్టిగా ఉంటే చాలనుకుంటారు. పెంకు పని వేరు. దెబ్బ ఒకచోట గుచ్చుకోకుండా అది నలుదిక్కులా పంచుతుంది, రోడ్డు మీద తల జారిపోయేటట్టు చేస్తుంది. ప్రాణం కాపాడేది లోపల ఉండే గట్టి థర్మోకోల్ పొర. టీవీలు, ఫ్రిజ్‌లు వచ్చే అట్టపెట్టెల్లో పెట్టే థర్మోకోల్ లాంటిదే, కాకపోతే ఇంకా దట్టంగా ఉంటుంది. తల నేలకు కొట్టుకున్నప్పుడు ఆ పొర నలుగుతుంది. అది నలగడానికి పట్టే రెప్పపాటు కాలంలో తల వేగం తగ్గుతుంది. అది నలగకపోతే లోపల మెదడు నలుగుతుంది. స్పాంజిని వేలితో నొక్కితే అడుగంటా దిగిపోతుంది కదా, దానికి ఆపే శక్తి లేదు. మిద్దె మీద నుంచి కోడిగుడ్డును వరిగడ్డి వామి మీద వెయ్యడానికీ, బండ మీద పరిచిన దుప్పటి మీద వెయ్యడానికీ ఉన్న తేడా ఇదే.

"నిదానంగా పోయేవాడికెందుకయ్యా ఇదంతా?" అని మా పెద్దాయన ఒకాయన అడిగాడు. ఆయనకు చెప్పిన లెక్కే ఇక్కడా చెబుతాను. బండి నిలబడి ఉండగా పక్కకు ఒరిగి పడినా, అయిదడుగుల ఎత్తు నుంచి తల నేలను తాకేటప్పటికి దాని వేగం గంటకు 20 కి.మీ. దగ్గర ఉంటుంది. ఇక 40 కి.మీ. వేగంతో పోతూ ఎదుటి బండిని గుద్దుకోవడమంటే రెండంతస్తుల మిద్దె మీద నుంచి కిందికి దూకినంత. మనం నిదానం అనుకునేది నెత్తికి నిదానం కాదు.

ఇక "ఇక్కడిదాకే గదా" అనే మాట మన ఒక్కళ్లదే కాదు. ఇంగ్లండులో 1935 మే నెలలో టి.ఇ.లారెన్స్ అనే పేరుమోసిన మనిషి, మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బుల పక్షాన పోరాడి బతికొచ్చినవాడు, పోస్టాఫీసులో పని చూసుకుని మోటారు సైకిలు మీద ఇంటికి తిరిగి వస్తున్నాడు. ఇల్లు దగ్గర్లోనే. సైకిళ్ల మీద ఉన్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడ్డాడు. తలకు ఏమీ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి పోయాడు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఉన్నాడు. ఆ తర్వాత ఆయన సైన్యంలో మోటారు సైకిళ్లు నడిపేవారి తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ఎంత అవసరమో 1941లో వైద్య పత్రికలో రాశాడు. అంటే ఇది నిన్నమొన్న పోలీసులు పుట్టించిన బెడద కాదు, ఎనభై ఏళ్లు దాటిన వైద్యుల మాట. తర్వాతి కాలంలో దేశదేశాల పరిశోధనలను కలిపి లెక్క తీసినవారు, హెల్మెట్ వల్ల ప్రాణాపాయం 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం 69 శాతం తగ్గుతాయని 2008లో తేల్చారు. నూటికి నూరు కాదు. మందు కొట్టినా నూటికి నూరు పురుగు చావదు, అయినా కొడుతున్నాం గదా.

మన దేశంలో 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది బండి నడిపినవారు కాదు, వెనక కూర్చున్నవారు. ఈ రెండో అంకె మీద మళ్లీ వస్తాను.

ముందు కొనే సంగతి. దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లో దర్జీ టేపు తీసుకుని కనుబొమల పైన, చెవుల మీదుగా తల చుట్టుకొలత తీసుకోండి. 58 సెం.మీ. వస్తే హెల్మెట్ లోపల 580 అని, 60 వస్తే 600 అని రాసి ఉన్నది అడగాలి. ఇంటిల్లిపాదికీ ఒకటే హెల్మెట్ అనుకోవద్దు. తండ్రి తలకు సరిపోయింది కొడుకు తలమీద గిన్నెలా తిరుగుతుంది. పెట్టుకున్నాక పట్టీ బిగించి, వెనక నుంచి రెండు చేతులతో పైకి తోసి చూడండి. ముందుకు ఊడి వచ్చిందంటే అది మీ కొలత కాదు. తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్ కూడా తలతో తిరగాలి, తల మటుకే లోపల తిరగకూడదు. కొత్తలో బుగ్గల దగ్గర కాస్త బిగుతుగా ఉంటుంది, అది మంచిదే, వాడగా వాడగా సర్దుకుంటుంది. నుదుటి మీద ఒకచోట నొక్కి నొప్పి పెడితే మాత్రం వేరేది చూడండి.

గుర్తు సంగతి. హెల్మెట్ మీద ఐ.ఎస్.ఐ. ముద్ర, దాని పైన ఐ.ఎస్. 4151 అనే అంకె, కింద సి.ఎం./ఎల్. అని మొదలయ్యే లైసెన్సు నంబరు, ఈ మూడూ ఉండాలి. ముద్ర ఉండి నంబరు లేకపోతే అది మా ఊరి మేకుకు వేలాడిన రకమే. ఇంట్లో పిల్లల దగ్గర స్మార్ట్ ఫోను ఉంటుంది కదా, అందులో బి.ఐ.ఎస్. కేర్ అనే ఉచిత యాప్ వేయించి ఆ నంబరు కొట్టించండి. ఆ లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఇంకా నడుస్తోందో లేదో చూపిస్తుంది. విత్తనం సంచి మీద లాట్ నంబరు చూసుకున్నట్టే ఇదీను. బిల్లు కూడా అడగండి. బిల్లు లేక విత్తన నష్టపరిహారం పోగొట్టుకున్న రైతులకు బిల్లు విలువ నేను చెప్పాల్సిన పని లేదు.

ఏ రకం మంచిది అంటే, నెత్తి మీద టోపీలాగా ఉండి చెవులు వదిలేసేది వద్దు. ఇల్లు కట్టేచోట మేస్త్రీలు పెట్టుకునే పసుపుపచ్చ టోపీ అసలే వద్దు, అది పైనుంచి ఇటుక పడితే ఆపడానికి చేసింది. గడ్డం దాకా మూసి ఉండేది అన్నిటికంటే మేలు, బోర్లా పడినప్పుడు దవడలు కాస్తుంది. ఎండకు అది భరించలేం అనేవారు చెవులు, మెడ వెనక భాగం కప్పి ముఖం తెరిచి ఉండే రకం తీసుకోవచ్చు. ఇంట్లో మేకుకు వేలాడే మంచి రకం కంటే నెత్తి మీద ఉండే రెండో రకం నయం అని నా అభిప్రాయం. దీనికి కొందరు డాక్టర్లు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లను మే నెలలో ఒక మధ్యాహ్నం మా కల్లాల వైపు రమ్మంటాను.

ఎండ మాట అబద్ధం కాదు. చెమట కారుతుంది, నెత్తి దురద పెడుతుంది, వాసన వస్తుంది. కాని దీనికి తువ్వాలు తలపాగాలాగా చుట్టి దాని మీద హెల్మెట్ పెడితే అసలుకే మోసం. హెల్మెట్ తలకు అంటదు, పడ్డప్పుడు ఊడిపోతుంది. పల్చటి నూలు చేతిరుమాలు ఒక్క మడత పరుచుకుంటే చాలు, అది రోజూ ఉతుక్కోవచ్చు. లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కునే రకాలు కూడా దొరుకుతున్నాయి, పదో పరకో ఎక్కువైనా అవి తీసుకోండి. లేత రంగువి ఎండకు కాస్త నయం, రాత్రిపూట ఎదుటివాడికి కనపడతాయి కూడా. ముందరి అద్దం మాత్రం నల్లది వద్దు, పొద్దుగూకాక ఏమీ కనపడదు. అద్దం ఎందుకూ అనుకునేవారు కోతల కాలంలో మిర్చి లోడు లారీ వెనకాల ఒకసారి బండి మీద పోయి చూడండి. ఆ ఘాటు కళ్లలో పడితే బండి రోడ్డు మీద ఉందో పొలంలో ఉందో తెలియదు.

పట్టీ బిగించకుండా పెట్టుకునేవాళ్లు ఎక్కువ మంది. మిర్చి బస్తాకు మూడు చుట్లు తాడు కట్టే మనం ఈ ఒక్క క్లిప్పు పెట్టుకోలేమా? పట్టీ లేని హెల్మెట్ మనకంటే ముందే ఎగిరి పక్క చేలో పడుతుంది. చట్టం కూడా తలకు పట్టీతో బిగించి ఉండాలనే చెబుతోంది. ఎక్సెల్ బండికి హెల్మెట్ అక్కర్లేదన్న మాట కూడా ఊళ్లలో ఉంది. అది తప్పు. ఏ రకం మోటారు సైకిల్‌కైనా ఒకటే చట్టం.

ఇప్పుడు రైతుకే ప్రత్యేకమైన ఒక సంగతి, దీన్ని పట్నం వాళ్లెవరూ చెప్పరు. మనం హెల్మెట్‌ను పురుగుమందు డబ్బాలతో కలిపి సంచిలో వేస్తాం, మందుల గదిలో కొక్కేనికి తగిలిస్తాం. డబ్బాల మీద ఇ.సి. అని రాసి ఉండే మందులు చూశారుగా, క్లోరిపైరిఫాస్ 20 ఇ.సి., ప్రొఫెనోఫాస్ 50 ఇ.సి. లాంటివి. వాటిలో మందును కరిగించడానికి నూనె జాతి ద్రావకాలు వాడతారు. థర్మోకోల్‌కు అవి పడవు, తినేస్తాయి. పెట్రోలు అయినా అంతే. నమ్మకం లేకపోతే ఒక థర్మోకోల్ ముక్క మీద నాలుగు చుక్కలు పెట్రోలు వేసి చూడండి, ఉప్పులాగా కరిగిపోతుంది. హెల్మెట్ లోపల ఆ మందు ఒలికిందంటే పైకి పెంకు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పని అయిపోయి ఉంటుంది. పైగా ఆ మందు వాసన ముక్కు దగ్గరే పెట్టుకుని తిరగడం ఆరోగ్యానికీ చేటు. హెల్మెట్‌కు ఇంట్లో వేరే మేకు కొట్టండి. దాన్ని పెట్రోలుతో తుడవద్దు, సబ్బు నీళ్లు చాలు. దాని మీద కూర్చోవద్దు. సంతలో కొన్న టమాటాలు అందులో వేసుకురావద్దు, అది గంప కాదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నదాన్ని పైకి బాగున్నా వాడొద్దు, నలిగిన థర్మోకోల్ మళ్లీ లేవదు.

హెల్మెట్ తర్వాత ఏమిటి? ఫోన్లలో చూస్తే మోకాలి చిప్పలు, మోచేతి చిప్పలు, వేల రూపాయల జాకెట్లు కనిపిస్తాయి. దూరాలు తిరిగే కుర్రాళ్లకు అవి మంచివే కావచ్చు. రెండెకరాల రైతు వాటి జోలికి పోనవసరం లేదు. వెయ్యి రూపాయలు హెల్మెట్‌కు పోగా ఇంకో మూడు నాలుగు వందలు ఉంటే, దాన్ని కాళ్లకూ చీకటికీ ఖర్చు పెట్టమంటాను. హవాయి చెప్పులతో గేరు వేసేవారికి, సైలెన్సరు కాలిన మచ్చ ఉన్నవారికి కాళ్ల సంగతి తెలుసు. పిల్లలు స్కూలుకు వేసుకునే కాన్వాసు బూటు లాంటిది ఏదైనా సరే, మడమ పట్టి ఉండేది కావాలి. కనీసం వెనక పట్టీ ఉన్న చెప్పులు. లుంగీ, పంచె బండికి పనికిరావు, గొలుసులోనో కిక్ రాడ్‌కో చుట్టుకుంటాయి. పాత జీన్సు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా దాచుకుంటే జారి పడ్డప్పుడు చర్మం మిగులుతుంది. చేతులకు సిమెంటు పనివాళ్లు తొడుక్కునే తోలు గ్లౌజులు దొరుకుతాయి, పడినప్పుడు మనం ముందు ఆనించేది అరచేతులనే కదా. కోతల కాలంలో అరచెయ్యి లేకపోతే ఏం పని సాగుతుంది?

చీకటి సంగతి ఇంకా చవక. రోడ్డు పనివాళ్లు వేసుకునే మెరిసే పట్టీల కోటు తక్కువ ధరకే వస్తుంది. అది లేకపోయినా హెల్మెట్ వెనక, బండి వెనక, మందు ట్యాంకుకు తలా ఒక రేడియం స్టిక్కరు అంటించుకోండి. ట్రాక్టరున్న రైతులకు ఇక్కడ ఒక మాట కటువుగానే చెప్పాలి. ట్రక్కు వెనక రేడియం బిళ్లలు పెట్టకుండా రాత్రిపూట రోడ్డు పక్కన నిలపడం, పక్క రైతు ఇంటి మీద రాయి వెయ్యడమే. మొక్కజొన్న, కంది రోడ్డు మీద ఆరబోసి చుట్టూ బండరాళ్లు పేర్చి రాత్రికి అలాగే వదిలి పోవడం కూడా అంతే. హెల్మెట్ పెట్టుకోని రైతును తప్పుపట్టే ముందు ఈ రాళ్లు తీయాలి.

ఇప్పుడు వెనక కూర్చున్నవారి సంగతికి వస్తాను. చట్టం ఇద్దరికీ అంటుంది, నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా. మన ఇళ్లలో మాత్రం ఒకటే హెల్మెట్, అది మగవాడిది. ఒక వైపుకు కూర్చుని, ఒక చేత బిడ్డను, ఒక చేత క్యారేజీని పట్టుకున్న మనిషికి పట్టుకోడానికి మూడో చెయ్యి ఉండదు. గుంటలో బండి ఎగిరితే మొదట కింద పడేది ఆమె, అదీ వెనక్కి, తల వెనక భాగం తగిలేటట్టు. చీరకొంగు చక్రంలో చుట్టుకునే ప్రమాదం ఒకటి అదనం. వెనక చక్రానికి సగమైనా కప్పే కాపు, పట్టుకునే కడ్డీ, కాలు పెట్టుకునే మెట్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. బస్తాలకు అడ్డమని చాలామంది ఆ కాపును ఊడదీయిస్తారు. ఆమె వారానికి అయిదారు రోజులు మిర్చి కోతకు పోతేనే ఇల్లు గడిచే కుటుంబాలు మన చుట్టూ ఎన్ని లేవు? రెండో హెల్మెట్‌ను ఆమె కోసమని కాక ఇంటి ఆదాయం కోసమని లెక్క వేసుకున్నా సరే, కొనండి. కొప్పు ఉంటే పట్టదు అంటారు. కొప్పు కిందికి దించి జడ వేసుకుంటే పడుతుంది, నేను మా ఇంట్లో చూసిందే చెబుతున్నాను.

కొత్త బండి కొనేవారు ఒక హక్కు వదులుకుంటున్నారు. బండి అమ్మేటప్పుడు దానితోపాటు ప్రమాణాలున్న హెల్మెట్‌ను తయారీదారే ఇవ్వాలని కేంద్ర నిబంధన 138 చెబుతోంది. అది రెండు కావాలని 2025 జూన్‌లో రవాణా శాఖ ముసాయిదా కూడా విడుదల చేసింది. కాని షోరూమ్‌లో సీటు కవరు, క్రాష్ గార్డు, వినాయకుడి బొమ్మ ఇచ్చి హెల్మెట్ మాట ఎత్తకుండా పంపిస్తే మనం కూడా అడగం. అడగండి. వాయిదాల మీద కొన్నా సరే, రాతపూర్వకంగా అడగండి.

అధికారులకు కూడా చెప్పాల్సింది ఉంది. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నేరం. బి.ఐ.ఎస్. చట్టం ప్రకారం అలా అమ్మినవాడికి రెండేళ్ల దాకా జైలు గానీ, రెండు లక్షలకు తగ్గకుండా జరిమానా గానీ పడాలి. ఎండలో గుడ్డ పరుచుకున్న కుర్రాడి మీద నాకు కోపం లేదు, ఆ సరుకు అతడికి పోసే పెద్దవాళ్లు వేరే ఉంటారు. వాళ్లను వదిలేసి, కొన్న రైతును సెంటర్లో నిలబెట్టి ఫొటో తీయడం న్యాయమా? కేంద్ర వినియోగదారుల శాఖ 2025లో చెప్పిన ప్రకారం హెల్మెట్ల తయారీకి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నవారు దేశం మొత్తం మీద 176 మందే. ఢిల్లీలో సోదాలు జరిపి 2,500కు పైగా నాసి హెల్మెట్లు పట్టుకున్నారు. ఢిల్లీలో చేసిన పని దర్శి సెంటర్లో ఎందుకు చేయకూడదు? నకిలీ మిర్చి విత్తనం మీద దాడులు చేయించుకోవడానికి మన రైతు సంఘాలు ఎన్నేళ్లు తిరిగాయో గుర్తుంది. దీనికీ అట్టాగే తిరగాలేమో.

సహకార సంఘాలు ఒక పని చేయవచ్చు. ఎరువులు తెప్పించినట్టే ఐ.ఎస్.ఐ. హెల్మెట్లను కంపెనీల నుంచి టోకున తెప్పించి, కొలతలు చూసి, అసలు ధరకు సభ్యులకు ఇవ్వచ్చు. డబ్బు పంట రుణంలో పట్టుకున్నా రైతు కాదనడు. మిర్చి యార్డులు, పత్తి కొనుగోలు కేంద్రాల గేట్ల దగ్గర కోతల కాలంలో ఒక బల్ల వేసినా చాలు, చేతిలో నాలుగు డబ్బులు ఉండేది అప్పుడే. వేసవిలో శిబిరం పెట్టి ఉచితంగా యాభై మందికి పంచి ఫొటోలు దిగడం కంటే అది మెరుగు. ఉచితంగా ఇచ్చేవాటికి కొలత ఉండదు, ఒకే సైజు వందమందికి ఇస్తారు.

బ్యాంకులో ఖాతా ఉన్నవారు ఏడాదికి రూ.20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో కూడా పేరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ప్రమాదంలో ప్రాణం పోతే రెండు లక్షలు ఇస్తారు. లైసెన్సు లేకుండా బండి నడిపితే బండి బీమా సొమ్ముకు చిక్కులొస్తాయి కాబట్టి అది లేనివారు నారు పోతలకు ముందే, పనులు తక్కువగా ఉన్నప్పుడే తీసుకోవడం మంచిది.

మా ఊరి కౌలు రైతు ఇంటికి మొన్న మళ్లీ వెళ్లాను. పెద్దబ్బాయి ఇప్పుడు బండి తీస్తున్నాడు. ఆ పాత హెల్మెట్ మేకు మీద లేదు, కోళ్లకు నీళ్లు పెట్టడానికి దొడ్లో బోర్లించి ఉంది. కొత్తవి రెండు కొన్నారు. ఒకటి 580, ఒకటి 560. వాళ్లమ్మది కాస్త బిగుతుగా ఉందట, మార్చుకురావడానికి బిల్లు వెతుకుతున్నారు.